అనలాగ్ ఏఐ చిప్ రీసెర్చ్ ఉద్యోగం: లేఅవుట్ వదిలి డిజైన్‌కు వెళ్లాలా? హైదరాబాద్ వాళ్లు చెప్పండి

తక్కువ_వోల్ట్
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాదాపూర్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో అనలాగ్ లేఅవుట్ (డిజైనర్ ఇచ్చిన సర్క్యూట్‌ను చిప్ మీద ఆకారాలుగా గీయడం) చేస్తున్నాను. జేఎన్‌టీయూలో ఎంటెక్ వీఎల్‌ఎస్‌ఐ చదివాను. బ్యాండ్‌గ్యాప్‌లు (స్థిరమైన రిఫరెన్స్ వోల్టేజ్ ఇచ్చేవి), ఎల్‌డీఓలు (సప్లై వోల్టేజ్‌ను నిలకడగా ఉంచేవి), ఈ మధ్య ఏడీసీల్లోని (అనలాగ్ సిగ్నల్‌ను అంకెగా మార్చే సర్క్యూట్లు) కెపాసిటర్ అర్రేలు, ఇవీ నేను గీసేవి. నగర శివార్లలోని ఒక విద్యాసంస్థలో రీసెర్చ్ ఇంజినీర్‌గా తీసుకుంటామని మెయిల్ వచ్చింది. రెండేళ్ల ప్రాజెక్టు. తక్కువ కరెంటుతో న్యూరల్ నెట్‌వర్క్ నడిపే అనలాగ్ సర్క్యూట్లు తయారుచేయాలి. ఎస్‌ర్యామ్ (చిప్ లోపలి మెమరీ) అర్రేలోనే, డేటా బయటికి తీయకుండా, గుణకారాలూ కూడికలూ జరిగిపోవాలి. లేఅవుట్ కాదు, డిజైన్. చదువు అయినప్పటి నుంచీ నేను కోరుకున్నది ఆ పనే.

జీతం మాత్రం ఇప్పటిదాంట్లో సగానికి తక్కువ. నాన్న రిటైర్ అయ్యారు, తమ్ముడు ఇంకా చదువుతున్నాడు. ఇంట్లో కాదనరు గానీ టెన్షన్ పడతారు. శుక్రవారం లోపు జవాబు చెప్పాలి.

ఈ అనలాగ్ ఏఐ నిలబడే పనేనా, పేపర్ల వరకేనా? రెండేళ్ల తర్వాత కంపెనీలు నన్ను డిజైనర్‌గా చూస్తాయా? చేరేముందు ప్రొఫెసర్ గారిని ఏం అడగాలి? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

డిజిటల్_పక్షం
సోమవారం, రాత్రి 10:15

ముందే చెబుతున్నానండీ, నాది డిజిటల్ వైపు. గచ్చిబౌలిలో యాక్సిలరేటర్ల (ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్‌ల) మీదే పని. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు, కానీ ఇది జీవితానికి సంబంధించిన నిర్ణయం కాబట్టి నాకు కనిపించేది చెప్పాలి.

అనలాగ్‌లో న్యూరల్ నెట్‌వర్క్ అనే ఆలోచన కొత్తది కాదు. కార్వర్ మీడ్ 1980లలోనే మొదలుపెట్టారు, 1990లో దాని మీద ఆయన పేపర్ వచ్చింది. ఇప్పటికీ మార్కెట్‌లో పెద్ద ఎత్తున అమ్ముడుపోతున్న అనలాగ్ ఏఐ చిప్ చూపించమంటే చూపించలేం. అమెరికాలో మిథిక్ అనే కంపెనీ ఫ్లాష్ మెమరీలోనే అనలాగ్ లెక్కలు చేసి చూపించింది. 2022లో దాని దగ్గర డబ్బు అయిపోయింది. 2023లో మళ్లీ 1.3 కోట్ల డాలర్లు దొరికి లేచి నిలబడింది. టెక్నాలజీ బాగాలేదని కాదు, మార్కెట్ అంతసేపు ఆగదని.

ఈలోగా డిజిటల్ వాళ్లు 32 బిట్ల నుంచి 16కు, 8కి, ఇప్పుడు 4కు వచ్చేశారు. 2021లో ఐఎస్‌ఎస్‌సీసీ అనే చిప్ సదస్సులో తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ 22 నానోమీటర్ల టెక్నాలజీలో పూర్తి డిజిటల్ ఇన్-మెమరీ మాక్రో (మెమరీలోనే లెక్క చేసే బ్లాక్) చూపించింది, వాట్‌కు 89 టాప్స్ (సెకనుకు 89 లక్షల కోట్ల లెక్కలు). అందులో ఏడీసీ లేదు, నాయిస్ లేదు, మిస్‌మ్యాచ్ (ఒకేలా గీసినవి కొంచెం తేడాగా రావడం) గొడవ లేదు. మీ ప్రాజెక్టు దీన్ని దాటాలి. దాటగలదా అని అడగండి ముందు.

కిర్కాఫ్_అభిమాని
సోమవారం, రాత్రి 11:30

అమ్మా, డిజిటల్_పక్షం గారు చెప్పినవన్నీ నిజాలే. కానీ ఈ పని ఎందుకు మొదలైందో చెప్పకపోతే బొమ్మ సగమే కనిపిస్తుంది. నేను ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపికగా చదవండి.

2014 ఐఎస్‌ఎస్‌సీసీలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ కొన్ని అంకెలు చూపించారు. 45 నానోమీటర్ల టెక్నాలజీలో 8 బిట్ల గుణకారానికి పట్టే శక్తి సుమారు 0.2 పికోజౌల్, 8 బిట్ల కూడికకు 0.03. అదే చిప్ బయటి డీర్యామ్ మెమరీ నుంచి 64 బిట్లు ఒకసారి తెచ్చుకోవాలంటే 1,300 నుంచి 2,600 పికోజౌల్. ఆ 64 బిట్లలో ఎనిమిది వెయిట్‌లు (నెట్‌వర్క్ నేర్చుకున్న అంకెలు) వస్తాయనుకున్నా ఒక్కోదానికి 160 పైనే పడుతుంది. లెక్క చేయడం కంటే లెక్కకు కావలసిన అంకె తెచ్చుకోవడం 800 రెట్లు ఖరీదు. చిటికెడు ఉప్పు కోసం ప్రతిసారీ కోఠి దాకా వెళ్లి రావడం లాంటిది. చిప్ లోపలే ఉన్న ఎస్‌ర్యామ్ అయితే ఖర్చు చాలా తగ్గుతుంది, కానీ అక్కడా లెక్క కంటే తెచ్చుకోవడమే ఎక్కువ.

అందుకే అంకెను కదిలించొద్దు, ఉన్నచోటే లెక్క చేద్దాం అన్నారు. వెయిట్‌ను కండక్టెన్స్‌గా (కరెంట్‌ను ఎంత సులువుగా పోనిస్తుందో ఆ కొలతగా) పెట్టి, ఇన్‌పుట్‌ను వోల్టేజ్‌గా ఇస్తే, పారే కరెంటే గుణకారం. అది ఓమ్ నియమం. ఒక కాలమ్‌లోని సెల్స్ అన్నీ ఒకే తీగ మీదకు కరెంట్ వదిలితే కూడిక దానంతటదే అయిపోతుంది. అది కిర్కాఫ్ నియమం. 256 వరసలు, 256 కాలమ్‌లు ఉన్న అర్రేని ఒక్కసారి చదివితే 65,536 గుణకారాలు, వాటి కూడికలు పూర్తవుతాయి. నాకు ఇది మొదటిసారి అర్థమైనప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇది పేపర్ల వరకే ఆగలేదు కూడా. ఐబీఎం వాళ్లు 2023లో హెర్మీస్ అనే చిప్ చూపించారు. 14 నానోమీటర్లు, 64 కోర్లు, ఒక్కో కోర్‌లో 256×256 ఫేజ్ ఛేంజ్ మెమరీ (పదార్థం స్థితిని మార్చి విలువ దాచేది) అర్రే. సిఫార్-10 అనే పరీక్ష బొమ్మల మీద 92.81 శాతం సరిగ్గా చెప్పింది. మన దేశంలో ఐఐఎస్‌సీ బెంగళూరు వాళ్ల ఆర్యభట్-1 అనలాగ్ చిప్ 2022లో వార్తల్లోకి వచ్చింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ నవీన్ వర్మ కెపాసిటర్ల పద్ధతితో ఎన్‌ఛార్జ్ ఏఐ అనే కంపెనీ పెట్టారు. మీ ప్రాజెక్టు ఎస్‌ర్యామ్ అంటున్నారు కాబట్టి అదీ ఆ దారికి దగ్గరే అయి ఉంటుంది.

ఇక ప్రపంచ డేటా సెంటర్లు 2024లో వాడిన కరెంటు సుమారు 415 టెరావాట్ అవర్లని అంతర్జాతీయ ఇంధన సంస్థ (ఐఈఏ) లెక్క. మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతం. మన నగరం చుట్టూ కూడా డేటా సెంటర్లు లేస్తున్నాయి. ఈ ఖర్చు తగ్గించే పని ఎవరో ఒకరు చేయాలి. మీలాంటి వాళ్లు చేయాలని నా కోరిక.

కంపారేటర్
మంగళవారం, ఉదయం 7:50

హైటెక్ సిటీలో ఏడీసీలు చేస్తాను. అర్రే గురించి సార్ బాగా చెప్పారు. అర్రే చివర ఏముంటుందో నేను చెబుతాను, ఎందుకంటే అక్కా, మీ రెండేళ్లూ అక్కడే గడుస్తాయి.

గుణకారం దాదాపు ఉచితం. కానీ వచ్చిన కరెంటునో వోల్టేజ్‌నో మళ్లీ అంకెగా మార్చాలి. అక్కడ ఏడీసీ కావాలి. 2016లో వచ్చిన ఐజాక్ అనే క్రాస్‌బార్ (అడ్డం, నిలువు తీగల అర్రే) ఆర్కిటెక్చర్ పేపర్‌లో ఒక టైల్ (చిప్‌లోని ఒక భాగం) పవర్‌లో సగానికి పైగా ఏడీసీలే తినేశాయి. 8 బిట్ల ఇన్‌పుట్‌ను 8 బిట్ల వెయిట్‌తో గుణించి 256 కలిపితే నిజానికి 24 బిట్ల జవాబు. అంత ఏడీసీ ఎవరూ పెట్టరు. 8 బిట్లకో, ఇంకా తక్కువకో కోసేస్తారు. ఎక్కడ కోయాలి, ఎంత కోస్తే నెట్‌వర్క్ జవాబు చెడదు, కోసినప్పుడు వచ్చే తప్పును ట్రైనింగ్‌లోనే ఎలా అలవాటు చేయాలి, ఇదీ అసలు రీసెర్చ్. ఏడీసీకి ఒక్క బిట్ పెంచితే పవర్ కనీసం రెట్టింపు. థర్మల్ నాయిస్ అడ్డొచ్చే చోట నాలుగు రెట్లు.

ఒక చిన్న లెక్క మీరే వేసి చూడండి. కాలమ్‌లో 256 కెపాసిటర్లు, ఒక్కోటి 1 ఫెమ్టోఫారడ్. సప్లై 0.8 వోల్ట్. ఒక్క సెల్ మారితే కాలమ్ వోల్టేజ్ 3.1 మిల్లీవోల్ట్‌లు కదులుతుంది. మొత్తం 256 ఫెమ్టోఫారడ్‌ల మీద కేటీ బై సీ నాయిస్ (వేడి వల్ల కెపాసిటర్ మీద వచ్చేది) సుమారు 127 మైక్రోవోల్ట్‌లు. అంటే భౌతికశాస్త్రం మనకు బోలెడు చోటు ఇచ్చింది. ఆ చోటును కంపారేటర్ (రెండు వోల్టేజ్‌లలో ఏది ఎక్కువో చెప్పే సర్క్యూట్) నాయిస్, తీగల పారసిటిక్స్ (మనం కోరకుండా చేరే కెపాసిటెన్స్), స్విచ్ ఛార్జ్ ఇంజెక్షన్ (స్విచ్ ఆగేటప్పుడు వదిలే ఛార్జ్) కలిసి తినేస్తాయి. వాటిని తగ్గించడం లేఅవుట్ తెలిసినవాళ్ల చేతిలో ఉంది. అందుకే మీ నేపథ్యం లోటు అని అస్సలు అనుకోవద్దు. డైరెక్టుగా డిజైన్‌లోకి వచ్చినవాళ్లు ఈ విషయం పోస్ట్ లేఅవుట్ సిమ్యులేషన్‌లో కష్టపడి నేర్చుకుంటారు. మీకు అది ముందే తెలుసు.

తక్కువ_వోల్ట్
మంగళవారం, ఉదయం 8:30

కంపారేటర్ గారూ, ఈ లెక్క క్యాబ్‌లోనే వేసి చూశాను. చాలా థాంక్స్. ఒక సందేహం. కరెంట్ పద్ధతి, కెపాసిటర్ పద్ధతి రెంటిలో కెపాసిటరే ఎందుకు మేలంటున్నారు అందరూ?

కంపారేటర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

మిస్‌మ్యాచ్ వల్ల. ట్రాన్సిస్టర్‌ను సబ్‌థ్రెషోల్డ్‌లో (అది ఆన్ అయ్యే థ్రెషోల్డ్ వోల్టేజ్ కంటే తక్కువలో) నడిపితే కరెంట్ వోల్టేజ్‌తో ఎక్స్‌పొనెన్షియల్‌గా మారుతుంది. పక్కపక్క రెండు ట్రాన్సిస్టర్ల థ్రెషోల్డ్‌లో 10 మిల్లీవోల్ట్‌ల తేడా ఉంటే చాలు, కరెంట్ దాదాపు 30 శాతం మారిపోతుంది. పెల్‌గ్రోమ్ 1989లో చెప్పిన సూత్రం ప్రకారం ఆ తేడాను సగం చేయాలంటే ట్రాన్సిస్టర్ వైశాల్యం నాలుగు రెట్లు పెంచాలి. లక్షల సెల్స్ ఉన్న అర్రేలో అది కుదరదు. మెటల్ కెపాసిటర్ అయితే తీగల ఆకారం మీద ఆధారపడుతుంది. ఆకారాన్ని ఫౌండ్రీలు (చిప్ తయారుచేసే ఫ్యాక్టరీలు) బాగా అదుపు చేస్తాయి. ఉష్ణోగ్రతతోనూ పెద్దగా మారదు. మే నెలలో ఏసీ ఆగిపోయిన ల్యాబ్‌లో సబ్‌థ్రెషోల్డ్ చిప్ కొలిచినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

మెమరీ_మనిషి
మంగళవారం, సాయంత్రం 6:20

నేను మెమరీ డివైస్‌ల వైపు. రెసిస్టివ్ ర్యామ్ (విలువను నిరోధంగా దాచే మెమరీ), ఫేజ్ ఛేంజ్ మెమరీ గురించి రెండు మాటలు చేర్చాలి. ప్రాజెక్టులో ఎస్‌ర్యామ్ అన్నా తర్వాతి దశలో ఇవి వస్తాయి.

వీటి బలం ఏమిటంటే కరెంటు తీసేసినా వెయిట్ పోదు. లియాన్ చువా 1971లో మెమ్‌రిస్టర్ (పాత విలువను గుర్తుంచుకునే నిరోధం) సిద్ధాంతం రాశారు, హెచ్‌పీ ల్యాబ్ 2008లో డివైస్ చూపించింది. 2022లో న్యూరామ్ అనే 48 కోర్ల రెసిస్టివ్ ర్యామ్ చిప్ వచ్చింది. ఐఐఎస్‌సీ వాళ్లు 2024లో మాలిక్యులర్ ఫిల్మ్‌తో ఒక్క డివైస్‌లో 14 బిట్ల స్థాయిలు సాధించి నేచర్‌లో ప్రచురించారు. ఈ వార్త చదివిన రోజు మా ల్యాబ్‌లో పండగే.

బలహీనతలు కూడా తెలియాలి. ఫేజ్ ఛేంజ్‌లో రాసిన విలువ కాలంతో జారిపోతుంది. రెసిస్టివ్ ర్యామ్‌లో ఒకే పల్స్ ఇచ్చినా ప్రతిసారీ ఒకే విలువ రాదు. పైగా తీగ నిరోధం ఉంది. కాలమ్‌లో 256 సెల్స్, ఒక్కోటి 10 మైక్రోఆంప్‌లు ఇస్తే మొత్తం 2.56 మిల్లీఆంప్‌లు. తీగ 100 ఓమ్‌లే అనుకున్నా, కరెంట్ దారి పొడవునా చేరుతుంది కాబట్టి సగం వేసుకున్నా, 128 మిల్లీవోల్ట్‌లు తీగలోనే పోతాయి. కింద ఉన్న సెల్‌కూ పైన ఉన్న సెల్‌కూ జవాబు వేరు. ఇంటర్వ్యూలో ఈ ఐఆర్ డ్రాప్ గురించి మీరే ఎత్తితే వాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

పటాన్‌చెరు_బస్సు
మంగళవారం, రాత్రి 10:05

అక్కా, నేను ఇలాంటి ల్యాబ్‌లోనే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో). పొద్దున్నే మియాపూర్ నుంచి సంగారెడ్డి బస్సెక్కి వెళ్తాను. సర్క్యూట్ సంగతి పెద్దవాళ్లు చెప్పారు, రోజువారీ సంగతి నేను చెబుతాను.

డబ్బు ముందు. జేఆర్‌ఎఫ్ అయితే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. రీసెర్చ్ ఇంజినీర్ పోస్టుకు ప్రాజెక్టును బట్టి ఇంకొంచెం ఉంటుంది. కానీ ఫండింగ్ ఏజెన్సీ నుంచి డబ్బు ఆలస్యమైతే జీతం కూడా ఆలస్యమవుతుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట రెండు మూడు నెలల జీతం ఒకేసారి వచ్చేది. అందుకని మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకునే చేరండి. ఇది భయపెట్టడానికి కాదు, ఇంట్లో ఈఎంఐ ఉన్నవాళ్లకు ఈ లెక్క చాలా అవసరం.

అంతకంటే ముఖ్యం టేపౌట్, అంటే పూర్తయిన డిజైన్‌ను తయారీకి పంపడం. ప్రాజెక్టు పేపర్‌లో టేపౌట్ అని రాసి ఉండటం వేరు, దానికి డబ్బు మంజూరై ఉండటం వేరు. అదే చోట మా డిజైన్ పూర్తయి ఏడాది దాకా ఫౌండ్రీకి పంపలేకపోయాం. చిప్ చేతికి రాకపోతే రెజ్యూమేలో సిమ్యులేషన్ మాత్రమే మిగులుతుంది. కాబట్టి అడగాల్సినవి: ఏ ఫౌండ్రీ, ఎన్ని నానోమీటర్లు, షటిల్ (చాలామంది డిజైన్లు కలిపి ఒకేసారి తయారుచేయడం) తేదీ ఎప్పుడు, డబ్బు ఎవరి పేరు మీద ఉంది, మొదటి చిప్ పనిచేయకపోతే రెండోదానికి ఏం చేస్తారు. టెస్ట్ బోర్డు ఎవరు చేస్తారో కూడా అడగండి. చాలా ల్యాబ్‌లలో దాని గురించి చిప్ వచ్చాకే ఆలోచిస్తారు, నెలలు పోతాయి.

మంచి సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం వచ్చాక కాలేజీలకు టూల్స్ కొరత బాగా తగ్గింది. సీ-డాక్ బెంగళూరులోని చిప్‌ఇన్ సెంటర్ ద్వారా లైసెన్సులు అందుతున్నాయి. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ ల్యాబ్ ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్లలో విద్యార్థుల చిప్‌లు తయారవుతున్నాయి. మా సీనియర్ల కాలంలో ఈ సౌకర్యం ఊహకు కూడా అందేది కాదని వాళ్లే అంటారు. మొదటిసారి మన చిప్‌కు పవర్ ఇచ్చి, బయాస్ కరెంట్ సరిగ్గా వచ్చిందని మీటర్‌లో చూసినప్పుడు కలిగే ఆనందం జీతంతో కొలవలేం అక్కా.

డిజిటల్_పక్షం
బుధవారం, ఉదయం 9:15

చదివాను. అర్రే అందం నేను కాదనను. కానీ ఇంకో రెండు విషయాలు మీ ముందు పెట్టాలి.

పెద్ద లాంగ్వేజ్ మోడల్స్ కోసం అంటే లెక్క కష్టం. 700 కోట్ల పారామీటర్ల మోడల్, అంటే ఈ రోజుల్లో చిన్నదే, 256×256 అర్రేల్లో ఒక్కో సెల్‌కు ఒక్కో వెయిట్ పెట్టినా లక్షా ఆరు వేలకు పైగా అర్రేలు కావాలి. ఎస్‌ర్యామ్ సెల్ ఒక్క బిట్టే పెడుతుంది కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దది. అటెన్షన్ (పదాల మధ్య సంబంధం చూసే) భాగంలో గుణించే రెండు వైపులూ ప్రతి టోకెన్‌కూ (మాట ముక్కకూ) మారుతుంటాయి, అందుకే వెయిట్ ఒకచోట కదలకుండా ఉంటుందనే మూలసూత్రమే అక్కడ నిలవదు. సాఫ్ట్‌మ్యాక్స్, నార్మలైజేషన్ అనే మిగతా లెక్కలు ఎలాగూ డిజిటల్‌లోనే. మొత్తం పనిలో అనలాగ్ చేసేది సగమైతే, ఆ సగాన్ని సున్నా చేసినా పవర్ సగమే తగ్గుతుంది.

రెండోది, టాప్స్ పర్ వాట్ అంకెలు. ఏ పేపర్ చూసినా ఎన్ని బిట్లకు ఆ అంకె అని చూడండి. ఒక బిట్ లెక్కకు చెప్పిన అంకెను 8 బిట్ల డిజిటల్ అంకె పక్కన పెట్టి గెలిచామంటే అది సరైన పోలిక కాదు. మాక్రో ఒక్కదాని పవరా, కంట్రోలర్, క్లాక్, బయటి మెమరీ కలిపిన మొత్తం చిప్ పవరా అన్నది కూడా చూడాలి. నేను పైన చెప్పిన 89 కూడా మాక్రోకే, అది గుర్తుంచుకోండి. ప్రొఫెసర్ గారు ఈ తేడా స్పష్టంగా చెప్పగలిగితే ఆయన దగ్గర చేరొచ్చు. చెప్పకపోతే ఆలోచించండి.

కిర్కాఫ్_అభిమాని
బుధవారం, ఉదయం 11:40

ఈ రెండు పాయింట్లూ నేను నా విద్యార్థులకు మొదటి వారంలోనే చెబుతాను. చాలా బాగా రాశారు.

నా నమ్మకం ఏమిటంటే అనలాగ్ మొదట నిలబడేది డేటా సెంటర్‌లో కాదు, సెన్సార్ పక్కన. వినికిడి యంత్రం, గుండె లయ చూసే ప్యాచ్, ఒక్క మాట వినడానికి ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండే మైక్. అక్కడ మోడల్ చిన్నది, వెయిట్‌లు మారవు, సిగ్నల్ పుట్టుకతోనే అనలాగ్, బ్యాటరీ గోరంత. జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో ఎన్ని వేల మోటార్లు ఉన్నాయో చూడండి. బేరింగ్ అరిగిపోతోందని వైబ్రేషన్‌ను బట్టి చెప్పే సెన్సార్‌ను మోటార్‌కు అంటించి, ఏళ్లపాటు బ్యాటరీ మార్చకుండా వదిలేయాలంటే మైక్రోవాట్లలో పనిచేయాలి. 4 బిట్లు చాలు అక్కడ. ఇలాంటి చోట ఏడీసీకి ముందే అనలాగ్‌లో నిర్ణయం తీసుకుని, అవసరమైతేనే డిజిటల్‌ను నిద్ర లేపడం గొప్ప లాభం. మీ ప్రాజెక్టు లక్ష్యం ఏ అప్లికేషనో కచ్చితంగా అడగండి. "ఏఐ కోసం" అని మాత్రమే అంటే సరిపోదు.

ఇంటిపెద్ద_కొడుకు
బుధవారం, మధ్యాహ్నం 3:00

చెల్లెమ్మా, నాది వేరే రంగం, తమ్ముడి కోసం ఇక్కడికి వస్తుంటాను. నాన్నగారికి ఆరోగ్య బీమా ఇప్పుడు మీ కంపెనీ ద్వారా ఉందేమో చూసుకోండి. ప్రాజెక్టు పోస్టుల్లో తల్లిదండ్రులకు ఉండకపోవచ్చు. మానేసే ముందే విడిగా పాలసీ తీసుకోండి, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది.

తక్కువ_వోల్ట్
బుధవారం, మధ్యాహ్నం 3:25

ఇది నాకు తట్టలేదు అన్నయ్యా. ఈ రోజే చూస్తాను.

ఈసీఈ_మూడో_ఏడు
బుధవారం, సాయంత్రం 5:45

సార్, మేడమ్, నేను ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నాను. మా కాలేజీలో కేడెన్స్ (చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్) లేదు. ఇదంతా చదువుతుంటే చాలా ఆసక్తిగా ఉంది. నేను ఇప్పటి నుంచే ఏం మొదలుపెట్టొచ్చు? మా క్లాసులో అందరూ సాఫ్ట్‌వేర్ వైపే వెళ్తున్నారు.

పటాన్‌చెరు_బస్సు
బుధవారం, రాత్రి 9:20

తమ్ముడూ, లైసెన్స్ లేదని ఆగొద్దు. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల పీడీకేని (ఆ టెక్నాలజీలో చిప్ గీయడానికి కావలసిన డిజైన్ కిట్) అందరికీ తెరిచారు. జర్మనీలోని ఐహెచ్‌పీ వాళ్ల 130 నానోమీటర్ల పీడీకే కూడా ఉచితమే. ఎక్స్‌స్కీమ్‌లో సర్క్యూట్ గీసి, ఎన్‌జీస్పైస్‌లో సిమ్యులేట్ చేసి, మ్యాజిక్‌లో లేఅవుట్ వేయొచ్చు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ల అనలాగ్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి, వాటికి మించిన కోచింగ్ లేదు. ఏఐ వైపు చూడాలంటే ఐబీఎం అనలాగ్ హార్డ్‌వేర్ టూల్‌కిట్ పైటార్చ్‌తో కలిసి పనిచేస్తుంది. అందులో నాయిస్ కలిపి ఒక చిన్న నెట్‌వర్క్ ట్రైన్ చేసి, ఏడీసీ బిట్లు 8 నుంచి 4కు తగ్గిస్తూ పోతే జవాబు ఎక్కడ చెడిపోతుందో నీకే కనిపిస్తుంది. ఆ గ్రాఫ్ పట్టుకుని ఏ ప్రొఫెసర్‌కు ఇంటర్న్‌షిప్ కోసం రాసినా చదువుతారు.

మొదటి మెట్టు మాత్రం కరెంట్ మిర్రర్ (ఒక కరెంట్‌ను కాపీ చేసే సర్క్యూట్). రెండు ట్రాన్సిస్టర్లే. వాటి మిస్‌మ్యాచ్‌ను మాంటే కార్లోలో (యాదృచ్ఛిక తేడాలతో పదేపదే చేసే సిమ్యులేషన్) నడిపి చూడు. అది పూర్తిగా అర్థమైనవాడికి మిగతాదంతా దారి ఇస్తుంది.

కంపారేటర్
బుధవారం, రాత్రి 10:40

రెండేళ్ల తర్వాత కంపెనీలు తీసుకుంటాయా అన్న ప్రశ్నకు ఎవరూ సూటిగా చెప్పలేదు. నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి చెబుతున్నా. ఈ నగరంలో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్, మైక్రోచిప్, సిలికాన్ ల్యాబ్స్ లాంటివి ఉన్నాయి. అవన్నీ అనలాగ్ ఏఐ చేస్తాయని కాదు. కానీ ఏడీసీ, కంపారేటర్, రిఫరెన్స్ బఫర్, ఎస్‌ర్యామ్ పెరిఫెరీ అందరికీ కావాలి. ఒక ఎస్‌ఏఆర్ (జవాబును ఒక్కో బిట్‌గా తేల్చే రకం) ఏడీసీని మొదటి నుంచి చివరిదాకా డిజైన్ చేసి, చిప్ తెప్పించి, కొలిచి, సిమ్యులేషన్‌కూ కొలతకూ తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగినవాళ్లు మాకు అరుదుగా దొరుకుతారు. ఆ తేడాను వివరించగలగడమే నేను అభ్యర్థిలో వెతికేది. న్యూరల్ నెట్‌వర్క్ ఫ్యాషన్ రేపు మారినా ఈ విద్య మారదు. జీతం తగ్గే ఈ రెండేళ్లలో మీకు దక్కేది అదే అయితే చేరండి. అది కాకుండా పైథాన్ మోడల్స్ రాయించడం, ప్రపోజల్స్ తయారుచేయించడం మాత్రమే అయితే వద్దు.

తక్కువ_వోల్ట్
గురువారం, రాత్రి 8:50

ఈ రోజు ప్రొఫెసర్ గారితో గంటకు పైగా మాట్లాడాను. మీరు చెప్పినవన్నీ అడిగాను. ఆయన దేనికీ విసుక్కోలేదు.

65 నానోమీటర్ల షటిల్. మొదటి టేపౌట్‌కు డబ్బు మంజూరై ఇన్‌స్టిట్యూట్ ఖాతాలోనే ఉంది. రెండోదానికి లేదు, వేరే ప్రపోజల్ పెట్టారట. ఆ మాట ఆయనే ముందుగా చెప్పడం నాకు నచ్చింది. అప్లికేషన్ మోటార్ వైబ్రేషన్, గుండె లయ, రెండూ చూస్తున్నారు. లాంగ్వేజ్ మోడల్స్ కాదు. టాప్స్ పర్ వాట్ గురించి అడిగితే, "మనం మొత్తం చిప్ పవరే రాస్తాం, ఒక్కో నిర్ణయానికి ఎన్ని నానోజౌల్‌లో చెబుతాం" అన్నారు. డిజిటల్_పక్షం గారూ, ఇది మీకోసమే అడిగాను. టెస్ట్ బోర్డు ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఇప్పటికే గీస్తున్నాడు. కావాలంటే ఆరు నెలల తర్వాత పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చట.

నా పని కాలమ్ ఏడీసీ, 8 బిట్లు, మొదటి నుంచి చివరిదాకా. లేఅవుట్ కూడా నేనే. బీమా పాలసీకి కూడా దరఖాస్తు పెట్టాను. నాన్నతో కూర్చుని నెలవారీ లెక్క రాశాం, ఇబ్బందే గానీ కుదురుతుంది. చేరుతున్నానని రేపు ఉదయం మెయిల్ పంపుతాను.

ఒక్క సాంకేతిక ప్రశ్న. అర్రేలో 256 వరసలు, సెల్‌కు 1 ఫెమ్టోఫారడ్. ఏడీసీకి విడిగా కెపాసిటర్ డాక్ (అంకెను వోల్టేజ్‌గా మార్చేది) పెడితే కాలమ్ వెడల్పులో అసలు పట్టదు. ఎనిమిది కాలమ్‌లకు ఒక ఏడీసీ పంచితే వేగం ఎనిమిదో వంతు అవుతుంది. ఏం చేయాలి?

డిజిటల్_పక్షం
గురువారం, రాత్రి 9:30

మొత్తం చిప్ పవర్ రాస్తామన్నారంటే నాకు సంతోషంగా ఉంది. చేరండి. కొలతలు వచ్చాక ఇక్కడ పెట్టండి, అదే పని 22 నానోమీటర్ల డిజిటల్‌లో ఎంత అవుతుందో నేను లెక్క వేసి పెడతాను. 65తో పోల్చేటప్పుడు టెక్నాలజీ తేడా సరిచేసే వేస్తాను.

కంపారేటర్
గురువారం, రాత్రి 10:15

శుభాకాంక్షలు అక్కా. మీ ప్రశ్నకు: విడి డాక్ అక్కర్లేదు. లెక్క చేసిన కెపాసిటర్లనే డాక్‌గా వాడండి. లెక్క అయ్యాక ఆ 256 సెల్స్ కింది ప్లేట్లను గుంపులు చేయండి: 128, 64, 32, 16, 8, 4, 2, 1, మిగిలిన ఒకటి డమ్మీ. కూడితే సరిగ్గా 256. 8 బిట్ల ఎస్‌ఏఆర్‌కు కావలసిన బైనరీ డాక్ అర్రేలోనే తయారుగా ఉంది. కాలమ్ కింద కంపారేటర్, చిన్న లాజిక్ మాత్రమే మిగులుతాయి.

రెండు చోట్ల జాగ్రత్త. పై ప్లేట్ తీగ పారసిటిక్ నేలకు 20 శాతం ఉందనుకోండి, పూర్తి స్థాయి 0.8 నుంచి 0.67 వోల్ట్‌కు పడిపోతుంది, ఒక మెట్టు 2.6 మిల్లీవోల్ట్‌లవుతుంది. లీనియారిటీ చెడదు, కానీ కంపారేటర్ నాయిస్‌ను అర మిల్లీవోల్ట్ లోపే ఉంచాలి. రెండోది, గుంపుల్ని వరసగా పైనుంచి కిందికి పేర్చకండి. 128 గుంపును కాలమ్ పొడవునా చెదరగొట్టండి, లేకపోతే ఆక్సైడ్ గ్రేడియెంట్ నేరుగా పెద్ద బిట్ మీద పడుతుంది. కామన్ సెంట్రాయిడ్ (గుంపులన్నిటి మధ్య బిందువు ఒకటే అయ్యేలా పేర్చడం) మీకు నేను చెప్పాల్సిన పని లేదు. స్కీమాటిక్ గీశాక కిక్‌బ్యాక్ (కంపారేటర్ నుంచి ఇన్‌పుట్ మీదకు తిరిగొచ్చే కుదుపు) వేవ్‌ఫార్మ్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.